రిసెప్షన్ టేబుల్ దగ్గర కూర్చున్న తమ్ముడికి

ప్రశ్న: సార్, నాకు ఇరవై ఏడేళ్లు. మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. 2022 నోటిఫికేషన్‌లో సివిల్ కానిస్టేబుల్‌గా సెలెక్టయి, ట్రైనింగ్ పూర్తిచేసి హైదరాబాద్‌లో ఒక స్టేషన్‌లో పనిచేస్తున్నాను. దొంగల్ని పట్టుకుంటాననుకుని వచ్చాను. తీరా చూస్తే ఎక్కువ రోజులు రిసెప్షన్ టేబుల్, మిగతా రోజులు బందోబస్తు. ఈమధ్య ఒక ముసలమ్మ మెడలో గొలుసు తెంపుకుపోయారని ఏడుస్తూ వచ్చింది. కూర్చోబెట్టి వివరాలన్నీ రాసుకున్నాను. తీరా అడిగితే గొలుసు పోయిన చోటు పక్క స్టేషన్ పరిధిలోది. 'మనది కాదు, అక్కడికి పొమ్మను' అన్నారు మా ఎస్సై. పంపించేశాను. ఆమె వివరాలు రాసిన కాగితం మూడు వారాలుగా నా జేబులోనే ఉంది. ఇంతలో మరో శాఖలో జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చింది. జీతం ఇంచుమించు ఒకటే. పదిన్నరకు వెళ్లి ఐదింటికి బయటపడొచ్చు. పెళ్లయి ఏడాదవుతోంది, మా ఆవిడ అందులో చేరమంటోంది. నాన్న మాత్రం 'పోలీసు కొలువు ఇడిసిపెడతావురా' అని బాధపడుతున్నాడు. నెలాఖరులోగా చేరాలి. ఏం చేయమంటారు?
- ఒక కానిస్టేబుల్, హైదరాబాద్

సమాధానం:

తమ్ముడూ,

పైన అచ్చయింది నీ ఉత్తరంలో పావు వంతే. మిగిలిన మూడు వంతులూ ఆ ముసలమ్మ సంగతే. చెప్పులు లేకుండా వచ్చిందనీ, మెడ మీద గీరుకుపోయిన చోట పసుపు అద్దుకుందనీ, గొలుసు రెండున్నర తులాలనీ, పోయిన మొగుడు చేయించాడనీ అంతా రాశావు. జీతం గురించి ఒక్క లైను. డ్యూటీ టైమింగుల గురించి రెండు లైన్లు. ఉద్యోగం మీద విసుగెత్తినవాడు ఇలా రాయడు. వాడు లైన్లన్నీ టైమింగులకే ఖర్చుపెడతాడు.

నాకు అర్థమైంది ఇదీ. పని ఎక్కువైనందుకు నీకు బాధ లేదు. చేయాల్సిన పని చేయనివ్వనందుకు బాధ. ఈ రెండూ ఒకేలా ఉంటాయి, రెండింటికీ రాత్రి నిద్ర పట్టదు. కానీ మందు వేరు.

నా సంగతి చెప్తా. 1984లో కానిస్టేబుల్‌గా చేరాను, 2020లో ఎస్సైగా రిటైరయ్యాను. హెడ్ కానిస్టేబుల్ కావడానికే పంతొమ్మిదేళ్లు పట్టింది. ఇన్నేళ్లలో నా చేతులతో పట్టుకున్న దొంగల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకడు పారిపోతూ తనంతట తనే మోరీలో పడి కాలు విరగ్గొట్టుకుంటే వెళ్లి లేపాను. రికార్డులో మాత్రం 'వెంబడించి పట్టుకున్నారు' అనే ఉంటుంది. నువ్వు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలోపు ఉరికి ఉద్యోగం తెచ్చుకున్నావు. ఆ ఉరుకుడు సర్వీసులో మళ్లీ ఎన్నిసార్లు అక్కరకొస్తుందో ఇప్పుడే చెప్పి నిన్ను నిరుత్సాహపరచను.

కానీ రిసెప్షన్ టేబుల్‌ను నువ్వు పనిష్మెంట్ అనుకుంటున్నావు చూడు, అక్కడ నీతో నాకు పేచీ ఉంది.

తొంభైల్లో ఒక స్టేషన్‌లో నాకు నైట్ డ్యూటీ. అప్పట్లో రిసెప్షన్ అనే పేరు లేదు. తలుపు పక్కన ఒక బల్ల, దాని మీద జనరల్ డైరీ. పాతకాలపు హెడ్ ఒకాయన దాన్ని ఇంకా రోజ్‌నామ్చా అనే పిలిచేవాడు. రాత్రి తొమ్మిదిన్నరకు ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. 'తాళంచెవి పోయింది సారూ, ఫిర్యాదు రాసుకోండి' అంది. మావాళ్లు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. 'తాళాలు చేసేవాడి దగ్గరికి పోవాలమ్మా, మా దగ్గరికొస్తే ఎట్లా' అని పంపించేశాను.

మర్నాడు అదే టైముకు మళ్లీ వచ్చింది. అదే మాట. ఆరోజు స్టేషన్‌లో జనం లేరు, నాకూ పొద్దుపోవడం లేదు. నిజం చెప్పాలంటే దయతో కాదు, ఊసుపోక కూర్చోమన్నాను. చాయ్ తెప్పించాను. ఆమె గ్లాసు ఎడమచేత్తోనే పట్టుకుంది. కుడిచేయి గుప్పిట బిగించి ఒళ్లోనే పెట్టుకుంది. అరగంట దాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత గుప్పిట విప్పింది. తాళంచెవి అందులోనే ఉంది. అరచేతిలో దాని పళ్ల ముద్ర ఎర్రగా పడి ఉంది.

ఇంటికి పోతే మొగుడు చంపేస్తాడని భయం. ఆ మాట నోటితో అనడానికి భయం. ఠాణాకు రావాలంటే ఏదో ఒక కారణం కావాలి కాబట్టి తాళంచెవి పోగొట్టుకుంది. ఆ రాత్రి ఆమెను వాళ్ల అక్క ఇంటికి చేర్చాం. కేసూ కట్టాం. బతికింది. కానీ ముందురోజు రాత్రి నేను నవ్వి పంపించాక ఆమె ఎక్కడికి పోయిందో, ఎట్లా తెల్లవారిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నీ జేబులో కాగితంలాగే అది నా దగ్గర ఉండిపోయింది.

ఇప్పుడు సిటీలో బాధిత ఆడవాళ్లకూ పిల్లలకూ అండగా భరోసా కేంద్రాలున్నాయి, ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకోవడానికి 2014 అక్టోబరులో మొదలైన షీ టీమ్స్ ఉన్నాయి, 100కో 112కో ఫోన్ చేస్తే బండి వస్తుంది. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లో కమాండ్ కంట్రోల్ సెంటర్ కట్టి 2022 ఆగస్టు 4న తెరిచారు. అందులో గోడంత తెరల మీద ఊరంతా కనిపిస్తుంది. ఇవన్నీ మంచివే, నా కాలంలో లేనందుకు కుళ్లుకుంటాను కూడా. గొలుసు తెంపుకుపోయిన బండి ఏ సందులో తిరిగిందో ఆ కెమెరాలు చూపిస్తాయి. గుప్పిట్లో ఏముందో మాత్రం ఎదురుగా కూర్చున్నవాడే చూడాలి. మీ స్టేషన్‌లో అలా కూర్చునేది నువ్వే.

సరే, ముసలమ్మ సంగతికి వద్దాం.

మీ ఎస్సై చేసింది తప్పు. అయితే ఆయన్ని దుర్మార్గుడని అనుకోకు. నెలనెలా క్రైమ్ రివ్యూ ఉంటుంది. మీ స్టేషన్‌లో ఇన్ని స్నాచింగులు ఎందుకయ్యాయి, ఎన్ని దొరకబట్టారు అని పైవాళ్లు నిలబెట్టి అడుగుతారు. అక్కడ తలదించుకున్న అధికారికి ప్రతి ఫిర్యాదూ ఒక అంకెలాగే కనిపిస్తుంది. పరిధి కాదన్న మాట దొరికితే ప్రాణం లేచొస్తుంది. నేనూ ఎస్సైగా మూడేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాను. ఆ టెన్షన్ తెలుసు.

కానీ చట్టం ఆయన పక్షాన లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షన్ తీసి చదువు. కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంట్ లేకుండానే పోలీసులు అరెస్టు చేయగలిగే నేరం, ఎక్కడ జరిగినా, ఏ స్టేషన్‌కు వచ్చి చెప్పినా సమాచారం తీసుకోవాల్సిందే. పరిధి చూడకుండా సున్నా నంబరుతో ఎఫ్ఐఆర్, అంటే జీరో ఎఫ్ఐఆర్ కట్టి, సంబంధిత స్టేషన్‌కు పంపాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. స్నాచింగ్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 304 కింద విడిగా ఒక నేరం, అదీ కాగ్నిజబులే. అంటే ఆ ముసలమ్మ నీ టేబుల్ ముందు కూర్చున్న క్షణం నుంచీ ఆమె మీ స్టేషన్ మనిషే.

పరిధి అన్న మాట ఎంత పని చేస్తుందో మన ఊరికి ఒకరు చెప్పనక్కర్లేదు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం, ఆ దిశ కేసు, నీకూ గుర్తుండే ఉంటుంది. బిడ్డ కనిపించడం లేదని రాత్రిపూట వస్తే, ఇది మా పరిధి కాదని తిప్పారని ఆ కుటుంబం చెప్పింది. ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. జీరో ఎఫ్ఐఆర్ అనే మాట మన దగ్గర చాయ్ బండ్ల దాకా వెళ్లింది ఆ తర్వాతే.

'మరి ఎస్సైకి నేను సెక్షన్లు చెప్పాలా సార్' అంటావు. చెప్పకూడదు. కానిస్టేబుల్ అందరి ముందూ సెక్షన్ చెబితే పై అధికారికి తలకొట్టేసినట్టవుతుంది, పని చెడుతుంది. నేను చూసినంతలో పనిచేసే పద్ధతి వేరు. దగ్గరికెళ్లి నెమ్మదిగా, 'సార్, ముసలామె. అక్కడికి పోయేలోపు దారిలో ఏదన్నా అయితే మన సీసీ కెమెరాలో మన దగ్గర్నుంచి పోయినట్టే ఉంటది. జీరో కట్టి పంపిస్తే మనకు ఏ పేచీ ఉండదు' అను. ఇందులో ధర్మమూ ఉంది, ఆయనకు రక్షణా ఉంది. పదిసార్లలో ఏడుసార్లు 'సరే కట్టు' అంటారు. మిగతా మూడుసార్లు మనిషి వచ్చినట్టు, ఏం చెప్పినట్టు, ఎక్కడికి పంపినట్టు డైరీలో ఎక్కించమని అడుగు, ఆ వచ్చినవాళ్లకు పక్క స్టేషన్‌లో నీకు తెలిసిన బ్యాచ్‌మేట్ పేరు చెప్పి, నువ్వే ముందు ఫోన్ చేసి పంపు. చేతులు దులుపుకోవడానికీ చేయి పట్టుకుని అప్పజెప్పడానికీ మధ్య ఖర్చు ఒక్క ఫోన్ కాలే.

టేబుల్ దగ్గర ఉన్నప్పుడు ఇంకొకటి గుర్తుపెట్టుకో, ఎందుకంటే ఈరోజుల్లో అన్నింటికంటే ఎక్కువ వచ్చేది అదే. ఖాతాలో డబ్బు పోయిందని ఎవరైనా వణుకుతూ వస్తే, ఆధార్ కార్డు, ఫిర్యాదు కాగితం అని మొదలుపెట్టకు. ముందు అతని చేత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించు. డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి దూకేలోపు ఆపగలిగితే ఆపగలిగినట్టు, లేదంటే లేదు. నువ్వు నీట్‌గా రాసిన రెండు పేజీల ఫిర్యాదు ఆ పని చేయలేదు.

బందోబస్తు గురించి పెద్దగా చెప్పను. బోనాలు, మొహర్రం, వినాయక చవితి, మిలాద్, ఉప్పల్‌లో మ్యాచ్, థర్టీఫస్ట్ నైట్. ఈ ఊళ్లో పోలీసు క్యాలెండర్‌లో పండగలన్నీ ఎర్ర అంకెలే, కానీ సెలవుకు కాదు. వీక్లీ ఆఫ్ అనే మాట ఎన్ని ప్రభుత్వాల నోట విన్నానో లెక్కలేదు. నిమజ్జనం రోజు మొజంజాహీ మార్కెట్ దగ్గర జనాన్ని తాడు పట్టుకుని ఆపే రోప్ పార్టీలో పదహారు గంటలు నిలబడి, చివర్న నా బూట్లు నేను విప్పుకోలేక పక్కవాడి చేత విప్పించుకున్న రోజులున్నాయి. ఒక్క మెళకువ చెప్తా, అదీ నాకు ఆ పాత హెడ్ చెప్పిందే. జనంలో తలలు చూడకు, కాళ్లు చూడు. అడుగులు పడుతున్నంతసేపు భయం లేదు. అడుగులు ఆగి కాళ్లు ఈడ్చుకుంటున్నట్టు కనిపిస్తే ఒత్తిడి మొదలైందని, వెంటనే వైర్‌లెస్ సెట్‌లో చెప్పి వెనకవాళ్లను ఆపించాలి. ముందున్నవాళ్లను తొయ్యకూడదు. ఇది తెలిశాక నాకు బందోబస్తు అంత విసుగనిపించలేదు. కాళ్లు నొప్పి పుట్టడం మాత్రం మానలేదు.

నీ ట్రైనింగ్ ఎక్కడైందో రాయలేదు. హిమాయత్‌సాగర్ దగ్గరి అకాడమీ గేటు మీద పేరు అయినా చూసే ఉంటావు, రాజా బహదూర్ వెంకటరామిరెడ్డి. నిజాం కాలంలో 1920 నుంచి 1934 దాకా నగరానికి కొత్వాల్. అంటే ఇప్పటి కమిషనర్ లాంటి హోదా. చిత్రం చూడు, అంత పెద్ద కొత్వాల్ ఎంతమంది దొంగల్ని పట్టించాడో ఇప్పుడు ఎవరూ చెప్పుకోరు. పల్లెల నుంచి పట్నం వచ్చిన పిల్లలు తలదాచుకుని చదువుకోవడానికి రెడ్డి హాస్టల్ పెట్టించాడని చెప్పుకుంటారు. మా మేనమామ అందులో ఉండే చదివాడు. మా ఇంట్లో ఖాకీ అంటే మొదట తెలిసిన పేరు ఆయనదే, అందుకే ఈ పక్కదోవ.

ఇక ఇంటి సంగతి. ఇక్కడ నేను నీకు జాగ్రత్తగానే చెప్పాలి, ఎందుకంటే ఇందులో నా మార్కులు తక్కువ.

మా ఇంట్లో వంటింటి గోడకు పాల లెక్క రాసే క్యాలెండర్ ఉండేది. ఒక అక్టోబరులో పాలవాడికి డబ్బులిస్తూ వెనక నెల కాగితం చూశాను. పాల లెక్క పక్కన కొన్ని తేదీల కింద చిన్న చిన్న సున్నాలున్నాయి. పాలు రాని రోజులేమో అనుకుని అడిగితే, 'మీరు రాత్రి ఇంట్లో అన్నం తిన్న రోజులు' అంది మా ఆవిడ. లెక్కపెట్టాను. ఐదు. ఆమె కోపంగా చెప్పలేదు, పోట్లాడలేదు. పాల లెక్క చెప్పినట్టే చెప్పింది. నేనేమో ఆ నెలంతా ఊరికి కాపలా కాశానని ఛాతీ విరుచుకుని తిరిగాను.

కాబట్టి నీ భార్య 'ఆ ఉద్యోగంలో చేరు' అంటే, దాన్ని పిరికితనమనో సుఖం కోరడమనో కొట్టిపారేయకు. కూర్చోబెట్టి ఒక్క సంగతి అడుగు: నిన్ను బాధపెట్టేది నేను రాకపోవడమా, ఎప్పుడొస్తానో తెలియకపోవడమా? మొదటిదైతే ఈ ఉద్యోగంలో దానికి మందు తక్కువ. రెండోదైతే చాలావరకు నీ చేతుల్లోనే ఉంది. రోల్‌కాల్ అయ్యాక ఒక మెసేజ్, బందోబస్తు పొడిగిస్తే ఒక ఫోన్, నెలలో రెండు రోజులు ముందే అడిగి తీసుకుని ఆమెకు చెప్పడం. నేను ఇవేవీ చేయలేదు. ఇంటికి ఫోన్ చేయడం నామోషీ అనుకునే తరం మాది. ఒంటరిగా రాత్రిళ్లు ఉండలేకపోతోందనో, ఒంట్లో బాగుండటం లేదనో, ఇంకేదన్నా గట్టి కారణం చెబితే మాత్రం, తమ్ముడూ, మారిపో. సిగ్గుపడాల్సిందేం లేదు.

ఆ జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగాన్నీ తక్కువ చేయకు. అక్కడా ఒక టేబుల్ ఉంటుంది. భర్త పోయినామె ఫ్యామిలీ పెన్షన్ ఫైలు పట్టుకుని దాని ముందు నిలబడుతుంది. 'మా సెక్షన్ కాదు, పై ఫ్లోర్‌కు పో' అనేవాళ్లు అక్కడా ఉంటారు. నువ్వు పారిపోవాలనుకుంటున్నది ఈ మాట నుంచే అయితే, ఏ ఆఫీసుకు పోయినా అది నీకంటే ముందే వెళ్లి కూర్చుని ఉంటుంది. ఐదింటికి ఇంటికి చేరడం కోసమైతే సరే, అది నిజంగానే దొరుకుతుంది.

మీ నాన్న బాధ నాకు తెలుసు. ఊళ్లో 'పోలీసాయన తండ్రి' అనిపించుకోవడంలో ఉన్న గౌరవం చిన్నది కాదు. కాకపోతే బందోబస్తులో నిలబడేది ఆయన కాళ్లు కావు. రెండు నెలలు అలుగుతాడు, మనవడో మనవరాలో పుడితే మర్చిపోతాడు.

కాగితాల విషయంలో మాత్రం తొందరపడొద్దు. ఒకవేళ వెళ్లేటట్టయితే ఆవేశంలో తెల్లకాగితం మీద రాజీనామా రాసిచ్చేసి పోకు. ఆ పరీక్షకు దరఖాస్తు చేసినప్పుడు శాఖకు చెప్పావా, అభ్యంతరం లేదనే ఎన్ఓసీ కాగితం తీసుకున్నావా చూసుకో. ట్రైనింగుకు ముందు సంతకం పెట్టిన బాండ్ కాగితం తీసి చదువు, మధ్యలో వెళ్తే ఏం కట్టాలో అందులోనే ఉంటుంది. చేసిన సర్వీసు కొత్త ఉద్యోగంలో లెక్కకొస్తుందా అన్నది నువ్వు ఏ దారిన రిలీవ్ అయ్యావన్న దాని మీద ఉంటుంది. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో మనిషిని కలిసి, రాతపూర్వకంగా అడుగు. వాట్సాప్ గ్రూపులో బ్యాచ్‌వాళ్లు చెప్పేవి నమ్మి మునిగినవాళ్లను ఇద్దర్ని చూశాను.

నన్ను సూటిగా అడిగావు కాబట్టి సూటిగా చెప్తున్నా. ఇంట్లో గట్టి కారణం లేకపోతే, నువ్వు ఉండిపోవాలన్నది నా మాట. ఉంటే ఇదే టేబుల్ దగ్గర ముప్పై ఏళ్లుండాలని కాదు. సైబర్ క్రైమ్, సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్), షీ టీమ్స్, కమాండ్ సెంటర్, ట్రాఫిక్, ఎన్నో దారులున్నాయి. ఎస్సై నోటిఫికేషన్ పడితే రాయి, నీకు చదివే అలవాటు ఇంకా పోలేదు. నాలా పంతొమ్మిదేళ్లు ఎదురుచూడకు. నిజానికి నేనొకసారి రాసి తప్పి, నామోషీతో మళ్లీ రాయలేదు. ఆ తెలివితక్కువతనానికి ఎవర్నీ అనేది లేదు.

నెలాఖరుకు ఇంకా టైముంది. నిర్ణయం ఏదైనా, దానికంటే ముందు ఒక పనుంది. ఆ కాగితం మీద ఆమె ఫోన్ నంబరు కూడా రాసుకున్నానన్నావు. ఈ సమాధానం చదివిన రోజే ఆమెకు ఫోన్ చెయ్. ఆ పక్క స్టేషన్‌కు వెళ్లిందా, కేసు కట్టారా, ఎఫ్ఐఆర్ కాపీ చేతికిచ్చారా అడుగు. కట్టి ఉంటే ఎఫ్ఐఆర్ నంబరు ఆ కాగితం మీదే రాసుకో. కట్టకపోతే, ఫిర్యాదు రాయించి డీసీపీకి పోస్టులో పంపొచ్చని ఆ 173లోనే నాలుగో ఉపసెక్షన్‌లో ఉంది. ఆమెకు రాయడం రాదన్నావు కదా, రాసిపెట్టడానికి ఎవరున్నారో కనుక్కో. ఎవరూ లేకపోతే వీక్లీ ఆఫ్ దొరికిన రోజు, అంటూ ఒకటి దొరికితే, నువ్వే సివిల్ డ్రెస్సులో వెళ్లు.